రెండో ర్యాంకు

మేడ్చల్,
జూన్ 28.

రాణీ,

‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టాలని మన తెలుగు సారు నేర్పాడు గానీ, మొన్ననే ఫోన్‌లో గంటసేపు మాట్లాడుకున్నవాళ్ళకు ఆ మాట రాస్తే నవ్వొస్తుంది. శైలజకు పిచ్చి పట్టి ఉత్తరాలు రాస్తోందని అనుకోకు. ఇది స్కూలు వాళ్ళ ఆర్డరు. మా అన్వేష్ ఎల్‌కేజీలో చేరాడు కదా. మొదటి రోజే తల్లిదండ్రులను కూచోబెట్టి ఒక కాగితం ఇచ్చారు. ఈ ఏడాది పిల్లలు ఏం నేర్చుకుంటారో, ఇంట్లో మనం ఏం చేయాలో అందులో ఉంది. బూట్లు తామే వేసుకోవడం, తమ వంతు వచ్చేదాకా ఆగడం, చిన్నదీ పెద్దదీ పోల్చడం, చూసింది చూసినట్టు చెప్పడం. పెద్దవాళ్ళు కాగితం మీద రాయడం, చదవడం పిల్లల కంట పడాలట. మన చేతిలో ఎప్పుడూ ఫోనే కనబడితే వాళ్ళకు అదే వస్తుందట. సరుకుల చిట్టీ తప్ప నాకు రాసేదేముంది? అందుకే నిన్ను పట్టుకున్నాను. ఆదివారం చేపలు తెచ్చినప్పుడు పరమేశ్ అన్న చేతికిస్తాను. నువ్వూ అట్లాగే పంపు. ఫోన్‌లో జవాబు చెప్పావంటే ఊరుకోను.

స్కూలు చూడాలి నువ్వు. క్లాసులో ఏసీ, గోడంత టీవీ, పిల్లల సైజుకు కుర్చీలు. అన్వేష్‌కు యాభై దాకా అంకెలు వచ్చు. ఇరవై జంతువుల పేర్లు ఇంగ్లీషులో చెబుతాడు. అంతా నేనే దగ్గర కూచోబెట్టుకొని నేర్పాను. మొక్కై వంగనిది మానై వంగుతుందా. స్కూల్లో మాత్రం ఇంకా నోరు విప్పలేదట. రెండు వారాలే కదా, బెరుకు పోవాలి.

ఇషితను మీ ఊరి అంగన్‌వాడీలోనే వేశావట. పోనీలే, తెలివైన పిల్ల ఎక్కడైనా నేర్చుకుంటుంది.

నీ
శైలజ


అలియాబాద్,
జూలై 6.

శైలూ,

నీ ఉత్తరాన్ని మా ఆయన చేపల బుట్ట మీద పెట్టుకొని వచ్చాడు. సగం అక్షరాలు తడిసిపోయాయి. ‘ఏసీ’ అన్న మాట ఒక్కటీ చెక్కుచెదరలేదు.

‘పోనీలే’ అన్నావు చూడు, ఆ మాట మీద నీకు పేటెంటు ఉంది. పదో తరగతిలో నేను ఫస్టు వచ్చినప్పుడల్లా అదే అనేదానివి. ‘పోనీలే, నాకు సెకండు వచ్చింది కదా’ అని మూతి మూడు వంకర్లు తిప్పేదానివి.

మా అంగన్‌వాడీలో ఏసీ లేదు, వేపచెట్టు గాలి ఉంది. కామేశ్వరమ్మ టీచర్ అని ఒకామె ఉంది. చింతగింజలు రెండు కుప్పలు పోసి ఏది ఎక్కువో ముందు కంటితో చెప్పమంటుంది, ఆ తర్వాతే లెక్కపెట్టమంటుంది. మొన్న మా ఆయన్ను పిలిచి, “పరమేశ్, నీ వల పట్టుకరా, పోరగాండ్లకు సూపియ్యి” అంది. చెరువులో మెడలోతు నీళ్ళకు జంకని మనిషి పదిహేను మంది పిల్లల ముందు చెమటలు కక్కాడు. వల కన్నుల్లో వేళ్ళు పెట్టి ఏ చేప జారిపోతుందో, ఏది చిక్కుతుందో పిల్లలే చెప్పారట. ఆయన తెచ్చిన చేపలను చిన్నవి, నడిమివి, పెద్దవి అని మూడు టబ్బుల్లో వేశారట. అప్పటి నుంచి ఇషిత ఇంట్లో మమ్మల్ని బతకనివ్వడం లేదు. “బాపూ, బొచ్చె చేప పెద్దదా, రవ్వు చేప పెద్దదా? నువ్వు సెప్పకు, నేనే సెప్త” అంటుంది. 

టీచర్ మా అందరికీ చెప్పేది ఒకటే. “మీరు సదువు సెప్పకుండ్రి. కూరగాయలు తరుక్కుంట, బట్టలు మడతపెట్టుకుంట మాట్లాడుండ్రి. పోరగాండ్లు మాట్లాడితే ఇనుండ్రి.” వినక చస్తామా. కంపెనీలో ప్యాకింగ్ చేసి చేసి కాళ్ళు పీకుతూ వస్తానా, గడపలోనే పట్టుకుంటుంది. నోరు మూస్తే ఒట్టు.

మీ స్కూలు బస్సు మొన్న మా కంపెనీ బస్సు పక్కనే ఆగింది. పసుపు రంగు, కొత్తది. బాగుంది.

రాణి


మేడ్చల్,
ఆగస్టు 9.

రాణీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. నీ దగ్గర దాచేదేముంది.

స్కూలు నుంచి పిలుపు వచ్చింది. ఎనిమిది వారాలైంది, అన్వేష్ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నీళ్ళు కావాలన్నా అడగడు. బాత్రూంకు పోవాలన్నా చెప్పడు, అట్లాగే తడిపేసుకుంటాడు. వాళ్ళ లిఖిత టీచర్ చిన్న పిల్ల, మంచిదే. “ఇంట్లో మాట్లాడతాడా మేడం?” అని అడిగింది. ఇంట్లో ఇంగ్లీషులో జంతువులన్నీ చెబుతాడమ్మా అన్నాను. నమ్మనట్టు చూసింది. నాకు ఒళ్ళు మండింది. నవంబర్ చివరి దాకా చూస్తారట. అప్పటికీ నోరు విప్పకపోతే నర్సరీకి దించుతారట.

మా ఆయనకు చెప్తే, “పైసలు కట్టింది గమ్మున కూసోనీకెనా?” అని అరిచాడు. మాటలు రాని పిల్లాడని ఊరంతా అనుకుంటే భాస్కర్ రెడ్డి కొడుకు అనే చెప్పుకుంటారు గానీ, తప్పు మాత్రం తల్లిదే. అది నీకు చెప్పనక్కర్లేదు.

చేపలు టబ్బుల్లో వేసిన పిల్ల గడగడా మాట్లాడుతుంది. ఏసీలో కూచున్న పిల్లాడు మూగవాడైపోయాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు మీ ఇంటి చింతగింజ కూడా తియ్యగా కనబడుతోంది.

24న, ఆదివారం, వాడి పుట్టినరోజు. ఇషితను తీసుకొని తప్పకుండా రా. వాడు ఎట్లా మాట్లాడతాడో నీ కళ్ళతో నువ్వే చూడు. అప్పుడన్నా ఒకరు నన్ను నమ్ముతారు.

శైలజ


అలియాబాద్,
ఆగస్టు 31.

శైలూ,

పుట్టినరోజు మస్తుగా చేశావు. ఆ ఇల్లు, ఆ మెట్లకు కట్టిన బెలూన్లు, రెండంతస్తుల కేకు, అన్నీ చూసి ఇషిత దారి పొడుగునా అదే మాట. వచ్చినవాళ్ళందరికీ నన్ను పరిచయం చేశావు, సంతోషం.

అన్వేష్ మంచిగానే మాట్లాడుతున్నాడు. పలుకు స్పష్టంగా ఉంది. జంతువులన్నీ తప్పు లేకుండా చెప్పాడు. నువ్వు ఊరికే పరేషాన్ అవుతున్నావు. కొందరు పిల్లలు అంతే, అదే పోతుంది.

ఇక్కడ వినాయక చవితి సందడి. కంపెనీలో ఓవర్‌టైం నడుస్తోంది. ఎక్కువ రాయలేను.

రాణి


మేడ్చల్,
అక్టోబర్ 11.

రాణీ,

నువ్వు ‘అదే పోతుంది’ అన్నావు, పోలేదు. దసరా సెలవులయ్యాక ఇంకా ముదిరింది. ఇప్పుడు క్లాసులో తల కూడా ఎత్తడం లేదట. సికింద్రాబాద్‌లో డాక్టరుకు చూపించాను. చెవులు బాగున్నాయి, నాలుక బాగుంది, తెలివి బాగుంది అన్నాడు. అన్నీ బాగుంటే మరి లోపం ఎక్కడ? దారంతా అన్వేష్ నా ఒళ్ళో నిద్రపోయాడు, నేను ఆ నోరు చూస్తూ కూచున్నాను.

బతుకమ్మ రోజు నీ స్టేటస్‌లో ఇషిత పాట పెట్టావు. పెద్దవాళ్ళ మధ్యలో నిలబడి, చప్పట్లు తప్పుతూ, పదాలు మింగేస్తూ, సిగ్గు లేకుండా పాడుతోంది. పదకొండుసార్లు చూశాను. పదకొండోసారి నాకేమనిపించిందో రాస్తాను. దానికి గొంతు నొప్పి వస్తే బాగుండు అనిపించింది. నాలుగేళ్ళ పిల్లకు. వెంటనే లెంపలేసుకున్నాను గానీ, అనుకున్నది అనుకున్నట్టే ఉండిపోయింది. దాని ముఖం ఇక నేను ఎట్లా చూడాలి?

నవంబర్ చివరికి ఎన్నో రోజులు లేవు. నర్సరీ పిల్లల మధ్యలో వాడొక్కడే పొడుగ్గా కూచుంటాడు. వాడికి అన్నీ అర్థమవుతాయి, అది కూడా అర్థమవుతుంది. అదే నాకు భయం.

లెక్క రాకపోతే నువ్వే నీ నోట్సు నా ముందుకు తోసేదానివి, అడగకముందే. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ రోజు వాడిని చూశావు కదా. నా కంటికి ఆననిది ఏదైనా నీకు కనిపించిందా?

శైలజ


అలియాబాద్,
అక్టోబర్ 18.

శైలూ,

కనిపించింది. ఆ రోజే కనిపించింది.

మీ హాల్లో అన్వేష్‌ను కుర్చీ ఎక్కించి బొమ్మల పుస్తకం చూపించావు. ఏనుగు బొమ్మ దగ్గర వాడు మాటను పెదవుల దాకా తెచ్చుకొని ఆగిపోయాడు. ఆగి నీ ముఖం చూశాడు. నువ్వు తలూపావు. అప్పుడు చెప్పాడు. పులికీ అంతే, జింకకూ అంతే. ఇరవై పేర్లకు ఇరవైసార్లు నువ్వు తలూపావు. నువ్వు తలూపుతున్నట్టు నీకే తెలియదు. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

తర్వాత నువ్వు కత్తి కోసం వంటింట్లోకి పోయావు. మా ఇషిత వాడి బొమ్మ కారు పట్టుకొని, “దీని పేరేంది?” అని అడిగింది. వాడికి తెలుసు. పెదవులు కదిలాయి. వంటింటి తలుపు వంక చూశాడు. ఇషిత మళ్ళీ అడిగింది. వాడు తలుపునే చూస్తూ, నువ్వు వచ్చేదాకా అట్లాగే నిలబడ్డాడు. నువ్వు వచ్చి ఏంటన్నట్టు తలూపావు. “బుల్లెట్” అన్నాడు.

బడిలో నీ ముఖం ఎక్కడుంటుంది శైలూ? వాడు మాట్లాడలేక కాదు, తలూపేవాళ్ళు లేక ఆగిపోతున్నాడు.

ఇది నాకు రెండు నెలల కిందే తెలుసు. ఎందుకు రాయలేదో కూడా చెప్పాలి. నీ ఆడపడుచులకు నన్ను ఏమని చూపించావో గుర్తుందా? “వీళ్ళాయనే మాకు చేపలు తెస్తడు” అన్నావు. మనం ఒకే బెంచీ మీద కూచున్నామని అనలేదు. నా నోట్సు చూసి నువ్వు పాసయ్యావని అసలే అనలేదు. నేను కేకు ముక్క పట్టుకొని మీ పాలరాతి మెట్ల మీద నిలబడి అనుకున్నాను, ఒక్కదాంట్లోనైనా దీనికి ఇంకా రెండో ర్యాంకే అని. పిల్లాడి సంగతిలో అట్లా అనుకున్నాను. మీ బస్సు చూసినప్పటి నుంచే నాకు కుళ్ళు ఉంది. ఫస్టు వచ్చినదాన్ని ప్యాకింగ్ చేస్తున్నాను, సెకండు వచ్చినదాని కొడుకు ఏసీలో చదువుతున్నాడు. వాడు మాట్లాడడం లేదని నువ్వు రాసిన ప్రతి ఉత్తరమూ నాకు కొంచెం సంతోషం ఇచ్చింది. ఇషిత గొంతు గురించి నువ్వు రాసింది చదివాక ఇక దాచలేకపోయాను. నువ్వు అనుకున్నావు అంతే, నేను చేశాను.

ఎవరి పిల్లాడో చెప్పకుండా కామేశ్వరమ్మ టీచర్‌ను అడిగాను. “ఆ తల్లిని మొకం తిప్పుకోమను బిడ్డా” అంది. వాడు ఏదైనా చెప్పేటప్పుడు నీ చేతిలో ఏదో ఒక పని ఉండాలట. వీపు వాడి వైపు ఉంటే ఇంకా మంచిదట. తప్పు చెప్పినా దిద్దొద్దు. నీకు తెలిసినవి అడగొద్దు, నీకు నిజంగా తెలియనివి అడగాలట. “ఏనుగును గుర్తువట్టుడు మాట్లాడుడు గాదు, పరీచ్ఛ” అంది.

రాణి


మేడ్చల్,
అక్టోబర్ 19.

పరమేశ్ అన్నను గేటు దగ్గర నిలబెట్టి రాస్తున్నాను.

రెండు నెలలు. ఆ రెండు నెలల్లో నా కొడుకు ఎన్నిసార్లు నిక్కర్లో పోసుకొని వచ్చాడో నీకు తెలుసా. తెలుసు, నేనే రాశాను.

తలూపడం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా విను. ఈ స్కూలు కంటే ముందు ఇంకో పెద్ద స్కూలుకు తీసుకుపోయాం. అక్కడి మేడం చేప బొమ్మ చూపించింది. వాడు “సేప” అన్నాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ “సేప” అన్నాడు, ఇంకా గట్టిగా, సంబరంగా. ఆమె పక్కామెను చూసి నవ్వింది. సీటు రాలేదు. ఆ రాత్రే మా అత్తమ్మ గదికి వాడిని పంపడం మానేశాను, ఆమె మాట అంటుతోందని. ప్రతి మాటకూ ముందు నన్ను చూడు, నేను తలూపితేనే చెప్పు అని నేర్పాను. ఆరు నెలలు నేర్పాను. ఇక్కడ సీటు వచ్చింది. నేను గెలిచాననుకున్నాను. మూగవాణ్ణి చేశానని తెలియదు, నీకు తెలిసింది, నువ్వు చెప్పలేదు.

చేపలు వద్దని పరమేశ్ అన్నకు చెప్పాను. ఉత్తరాలూ వద్దు.


అలియాబాద్,
నవంబర్ 2.

శైలూ,

వద్దన్నావని పోస్టులో వేస్తున్నాను. నాలుగుసార్లు రాసి చింపాను. మాఫీ అడగడానికి ముఖం లేదు. నువ్వు తిరిగి రాయకు. కానీ అన్వేష్ నోరు విప్పిన రోజు ఒక్క మిస్డ్ కాల్ ఇయ్యి. ఈసారి సంతోషపడితే వాడి కోసమే పడతాను.

రాణి


మేడ్చల్,
నవంబర్ 22.

రాణీ,

మిస్డ్ కాల్‌తో పోయే సంగతి కాదు.

నీ మీద పళ్ళు నూరుతూనే నువ్వు చెప్పినట్టు చేశాను. మొదటి నాలుగు రోజులు నరకం. వాడు ఏదో చెప్పబోతూ నా ముందుకు వస్తాడు, నేను చిక్కుడుకాయలు తుంచుతూ తల దించుకుంటాను. రెండు చేతులతో నా గడ్డం పట్టుకొని పైకెత్తేవాడు. కళ్ళు మూసుకునేదాన్ని. ఏడ్చేవాడు. నేను కళ్ళు మూసుకొనే ఏడ్చేదాన్ని. చేసేది సరైన పనో, ఇంకో తప్పో తెలియదు.

అయిదో రోజు అత్తమ్మ గదికి పంపాను. ఇన్ని నెలలు మనుమడిని దూరం పెట్టానని ఒక్క మాట అనలేదామె. మా అత్తమ్మ బాలనర్సమ్మకు చూపు సరిగ్గా ఆనదు, నీకు తెలుసు కదా. వాణ్ణి కిటికీ దగ్గర కూచోబెట్టుకొని, “నాకు కండ్లు కనవడతలెవ్వు బిడ్డా, రోడ్డు మీద ఏం వోతాందో నువ్వే సెప్పాలె” అంది. వాడు ఆమె ముఖం చూశాడు. ఆమె తలూపలేదు, రోడ్డు వైపు చెవి పెట్టి కూచుంది. తర్వాత వినిపించింది, “లారీ వోతాంది అవ్వా. ఇసుక లారీ. ఎనుక ఒకాయన కూసున్నడు.”

తలుపు చాటున నిలబడి విన్నాను. సంతోషించాలి కదా, ముందు కుళ్ళుకున్నాను. నాకు యాభై అంకెలు అప్పజెప్పిన పిల్లాడు ఆమెకు రోడ్డంతా చెబుతున్నాడు. నా కడుపున పుట్టినవాడి మాటలు తలుపు చాటున దొంగతనంగా వినాల్సి వచ్చింది. నీ మీద, ఇషిత మీద, కామేశ్వరమ్మ టీచర్ మీద అయిపోయింది, ఇప్పుడు చూపు ఆనని ముసలామె మీద. ఈ గుణం ఎప్పుడు పోతుందో నాకు. అయినా రోజూ పంపాను. రోజూ తలుపు దగ్గరే కూచొని చిక్కుడుకాయలు తుంచాను. ఈ నెలలో మా ఇంట్లో చిక్కుడుకాయ తప్ప వేరే కూర లేదు.

నిన్న మధ్యాహ్నం లిఖిత టీచర్ ఫోన్ చేసింది. “మేడం, అన్వేష్ మాట్లాడాడు” అంది. అన్నాల వేళ డబ్బా మూత తీసి, ఎప్పటిలాగే తలుపు వంక చూశాడట. కిటికీ వంక చూశాడట. మళ్ళీ తలుపు చూశాడట. ఆ తర్వాత పక్కన కూచున్న అరుణ్ అనే పిల్లాడి వైపు తిరిగి చెవిలో ఏదో అన్నాడట. వాడు వినబడలేదంటే ఈసారి గట్టిగా, క్లాసంతా వినేటట్టు అన్నాడట. అక్కడి నుంచి ఇక ఆగలేదట, లారీలు, ఇసుక, అవ్వ, అన్నీ. నర్సరీకి దించరు, ఆ మాట టీచరే చెప్పింది.

ఏమన్నాడమ్మా అని అడిగాను.

“‘మా అమ్మ సూస్తలేదు’ అన్నాడు మేడం.”

‘సూస్తలేదు’ అన్నాడా, ‘చూడటం లేదు’ అన్నాడా అని నోటి దాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను.

టీచర్ నవ్వింది. నేనూ నవ్వాను అనుకుంటా. ఫోన్ పెట్టేశాక మిగిలిన చిక్కుడుకాయలు ముందేసుకున్నాను. నాలుగేళ్ళ పిల్లాడు నేను లేనని మూడుసార్లు చూసుకొని, లేనని పక్కవాడికి చెప్పుకొని, అప్పుడు అన్నం తిన్నాడు.

అత్తమ్మ గదికి పోయి, మా ఆయనకు, ఆడపడుచులకు ఫోన్ చేసి, అందరికీ అన్వేష్ మాట్లాడాడని చెప్పాను. అందరూ సంబరపడ్డారు. ఏమన్నాడని అడిగితే మాత్రం ఏవో లారీల గురించి అన్నాను. అసలు మాట నీకొక్కదానికే రాస్తున్నాను. నీ మీద కోపం ఇంకా పోలేదు.

శైలజ